పట్టాకు అందని పాఠము : సర్ రోనాల్డ్ రాస్

చలిజ్వరమును ఆదిలాబాదు అడవిపల్లెలు తరతరాలుగా ఎరిగియున్నవి. ఆ జ్వరమునకు దోమయే వాహకమని నిరూపించిన రోనాల్డ్ రాస్ జీవితము ఉపాధ్యాయులకును విద్యార్థులకును తెలియదగినది.

1857లో ఆల్మోరాలో జన్మించిన రాస్ లండనులో వైద్యవిద్య ముగించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరినాడు. 1888లో సెలవుపై వెళ్ళి ప్రజారోగ్య డిప్లొమా పొందినాడు, సూక్ష్మజీవశాస్త్రమును అభ్యసించినాడు. అయినను మలేరియా చిక్కు ఆ చదువుతో విడలేదు. 1880లో లావెరాన్ కనుగొనిన మలేరియా క్రిమిని 1894లో రాస్‌కు చూపి, దోమపై దృష్టి మరల్చినవాడు పాట్రిక్ మాన్సన్.

మిగిలిన పాఠము సికింద్రాబాదులో దొరకినది. దోమల జాతులను తెలుపు గ్రంథములు లేనందున రాస్ రెక్కల మచ్చలను బట్టి తానే వాటిని వింగడించుకొనినాడు. హుసేన్ ఖాన్ అను రోగి, కుట్టిన దోమకు అణా చొప్పున పుచ్చుకొని, తన దేహమునే పరీక్షకు ఒప్పగించినాడు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, ఆ రక్తము త్రాగిన దోమ కడుపుగోడలో క్రిమి కనబడినది.

1899 నుండి రాస్ లివర్‌పూల్‌లో, ఉష్ణదేశములకు పోవు వైద్యులకు ఈ విద్యను బోధించినాడు. 1902లో నోబెల్ బహుమానము లభించినది. 1932లో ఆయన మరణించినాడు.

లండను పట్టాకు బేగంపేట మెరుగు పెట్టినది. నేడు ప్రజారోగ్యములో ఉన్నత పట్టాలు పొందు యువతీయువకులు సైతము తమ చదువును ఉట్నూరు వాగుల ఒడ్డున, అచటి ప్రజల నడుమ సరిచూచుకొనవలెను. ఆ పాఠములో రాస్ పేరుతోపాటు హుసేన్ ఖాన్ పేరును ఉండవలెను.