మద్రాసునే నమ్ముకున్న తెలుగు న్యాయమూర్తి

చెన్నై: 1954 జులైలో ఆంధ్ర రాష్ట్రానికి గుంటూరులో సొంత హైకోర్టు వచ్చింది. అప్పటిదాకా మద్రాసు హైకోర్టులో ఉన్న తెలుగు జడ్జీలు కొందరు అక్కడికి వెళ్లారు. కొత్త కోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా కోకా సుబ్బారావు బాధ్యతలు తీసుకున్నారు. ఇటు మద్రాసు హైకోర్టు పెద్ద కుర్చీలో ఉన్నదీ తెలుగువారే. ఆయన మాత్రం ఇక్కడే ఉండిపోయారు. ఆయనే పాకాల వెంకట రాజమన్నార్. సుబ్బారావు, రాజమన్నార్ స్వయానా బావాబావమరుదులు. ఒకప్పుడు మద్రాసులో కలిసి ప్రాక్టీసు చేసినవారు. రాష్ట్రం రెండు కావడంతో ఇద్దరి దారులూ వేరయ్యాయి.

తండ్రి బాటలో..

రాజమన్నార్ 1901లో మద్రాసులో పుట్టారు. తండ్రి వెంకటరమణారావు నాయుడు పేరున్న వకీలు. తర్వాత మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. కొడుకూ లా చదివి అదే కోర్టులో నల్లకోటు వేసుకున్నారు. అడ్వకేట్ జనరల్‌గా చేశారు, ఆపై జడ్జి అయ్యారు. 1948లో ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కింది. అంతకుముందు ముత్తుస్వామి అయ్యర్ లాంటి భారతీయులు ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నారే తప్ప పూర్తిస్థాయిలో ఎవరినీ నియమించలేదు. ఆ గౌరవం మొదట దక్కింది రాజమన్నార్‌కే. 1961 దాకా 13 ఏళ్లు ఆ పదవిలో ఉన్నారు.

సర్కారుకు ఎదురు తీర్పులు

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950లోనే రెండు పెద్ద కేసులు ఆయన ముందుకొచ్చాయి. మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల్లో సీట్లను కులాలు, మతాల వారీగా పంచే కమ్యూనల్ జీవో మద్రాసు రాష్ట్రంలో ఎప్పటినుంచో నడుస్తోంది. దానిపై చంపకం దొరైరాజన్ అనే మహిళ కోర్టుకెక్కారు. రాజమన్నార్ నేతృత్వంలోని ఫుల్ బెంచ్ ఆ జీవో చెల్లదని తేల్చింది. 1951లో సుప్రీంకోర్టూ ఇదే మాట చెప్పింది. ఈ తీర్పు తర్వాతే పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలు కల్పించింది.

రెండోది వి.జి.రావ్ కేసు. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దీన్నీ ఆయన ఉన్న ఫుల్ బెంచ్ కొట్టేసింది. సంఘం పెట్టుకునే హక్కును సర్కారు తన ఇష్టం వచ్చినట్టు లాక్కోకూడదన్నది ఈ తీర్పు సారం. 1952లో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. సంఘాల హక్కుపై నడిచే కేసుల్లో వి.జి.రావ్ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

కోర్టులో ఇంగ్లిషు.. కలంలో తెలుగు

కోర్టు వ్యవహారమంతా ఇంగ్లిషులో నడిచినా, రాజమన్నార్ నాటకం రాసింది తెలుగులోనే. ఆయన సాంఘిక నాటకం 'తప్పెవరిది'ని బళ్లారి రాఘవ రంగస్థలం మీద ఆడారు. రాఘవ సైతం వృత్తిరీత్యా వకీలే. మద్రాసు తెలుగువాడు రాసిన నాటకానికి బళ్లారి తెలుగువాడు ప్రాణం పోశాడన్నమాట. 1953లో ఆంధ్ర విడిపోయినప్పుడు ఆ రెండు ఊళ్లూ దానికి అవతలే ఉండిపోయాయి. బళ్లారి మైసూరుకు పోయింది, మద్రాసు తమిళుల చేతికి వెళ్లింది.

అదే ఏడాది ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ మొదలైంది. దాని తొలి అధ్యక్షుడిగా రాజమన్నార్‌నే ఎంచుకున్నారు. జడ్జి పని చేస్తూనే ఆ బాధ్యతా మోశారు. గవర్నర్ ఎ.జె.జాన్ 1957లో పదవిలో ఉండగానే చనిపోవడంతో, 1958 జనవరి దాకా మద్రాసు తాత్కాలిక గవర్నర్‌గానూ వ్యవహరించారు.

రిటైరైనా ఆగని పని

1961లో కోర్టు నుంచి దిగాక ఆయన ఇంటిపట్టున కూర్చోలేదు. 1964లో నాలుగో ఆర్థిక సంఘానికి ఛైర్మన్ అయ్యారు. కేంద్రం దగ్గర పోగయ్యే పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత ఇవ్వాలో తేల్చడం ఆ సంఘం పని. ఆ అనుభవమే తర్వాత పెద్ద పనికి అక్కరకొచ్చింది.

1969లో తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై కమిటీ వేశారు. రాజమన్నార్‌ను దానికి అధ్యక్షుడిని చేశారు. సభ్యులు ఎ.లక్ష్మణస్వామి మొదలియార్, పి.చంద్రారెడ్డి. చంద్రారెడ్డి ఆంధ్ర హైకోర్టుకు వెళ్లి, ఆ తర్వాత మళ్లీ మద్రాసుకు ప్రధాన న్యాయమూర్తిగా తిరిగొచ్చినవారు. తమిళనాడు హక్కుల కోసం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీలో ఇద్దరు తెలుగువారే!

1971లో ఇచ్చిన నివేదికలో రాజమన్నార్ కమిటీ మొహమాటపడలేదు. రాష్ట్ర ప్రభుత్వాలను రద్దు చేయడానికి కేంద్రం వాడే 356వ అధికరణాన్ని తీసేయాలంది. అంతర్రాష్ట్ర మండలిని వెంటనే పెట్టాలంది. ప్రణాళికా సంఘం పోయి, చట్టం ద్వారా ఏర్పడే సంస్థ రావాలంది. కేంద్రం వీటిని ఒప్పుకోలేదు. అయితే అంతర్రాష్ట్ర మండలి 1990లో వచ్చింది. 356 వాడకానికి 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు పగ్గాలు వేసింది. ప్రణాళికా సంఘం 2015లో నీతి ఆయోగ్‌కు చోటిచ్చి తప్పుకుంది. అయితే కమిటీ కోరినట్టు నీతి ఆయోగ్‌కు చట్టం ఆధారం లేదు.

రాజమన్నార్ 1979లో కన్నుమూశారు. 2025లో తమిళనాడు ప్రభుత్వం రాష్ట్రాల హక్కులపై జస్టిస్ కురియన్ జోసెఫ్ అధ్యక్షతన మళ్లీ కమిటీ వేసినప్పుడు ఆయన పేరు మరోసారి చర్చకొచ్చింది. తెలుగులో నాటకం రాసిన మనిషే తమిళనాడు తరఫున ఢిల్లీని నిలదీసే నివేదికా రాశారు. అమ్మ భాషను వదలకుండానే ఉన్న ఊరి రుణం తీర్చుకోవచ్చని ఈ గడ్డ మీది తెలుగువారికి ఆయన బతుకే చూపిస్తుంది.