నెల్లూరు జంటకు నేటాల్ నమస్కారం

వచ్చే శనివారానికి మా బాబాయి, పిన్నిల పెళ్ళయి యాభై ఏళ్ళు నిండుతాయి. సాయంత్రం చర్చిలో కృతజ్ఞత కూడిక, ఆ తర్వాత భోజనాలు. పిల్లల్ని ఎలా పెంచారో, వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి ఎలా అన్నం పెట్టారో చెప్పడానికి బంధువులు చాలామందే ఉన్నారు. నేను మాత్రం ఈ అభినందన సంచికలో వాళ్ళు దక్షిణాఫ్రికాలో చేసిన సంఘ సేవ గురించే రాయాలనుకున్నాను. ఆ ఇద్దరూ కలిసి ఏం చేయగలరో అక్కడే బాగా తెలిసింది.

ఆ దారి వేసినవాడూ మన నెల్లూరు మనిషే. 1903లో తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సొసైటీ తరఫున జాన్ రంగయ్యగారు నేటాల్‌కి ఓడెక్కారు. ఆ డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటల్లో తెలుగు కూలీలతో సంఘం కట్టారు. గాంధీ డర్బన్‌లో ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక మొదలుపెట్టిన సంవత్సరం కూడా అదే. మిషనరీ అంటే తెల్లదొరే అనుకునే రోజుల్లో తెలుగు సంఘాలు తమ మనిషిని తాము సముద్రం దాటించాయి. ఇంత పెద్ద సంగతి మన ఊళ్ళోనే చాలామందికి తెలియకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

అక్కడికి మనవాళ్ళు అంతకుముందు నుంచే వెళుతున్నారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షా యాభై వేలమందికి పైగా చెరకు తోటల్లోకి, గనుల్లోకి, రైలు పనుల్లోకి దిగారు. ఐదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడు మగవాడికి నెలకి పది షిల్లింగులు, ఆడదానికి అందులో సగం. వాళ్ళ ముని మనవల మధ్యకే మా బాబాయీ పిన్నీ వెళ్ళారు.

బాబాయి రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా రిటైరయ్యాడు. పిన్ని ఎలిమెంటరీ బడి టీచరు. ఈ వయసులో అంత దూరం ఎందుకని పిల్లలు అడ్డం పడితే, “వయసులో ఉన్నప్పుడు సెలవు దొరకలేదు కదబ్బయా” అన్నాడు బాబాయి. టిక్కెట్లు పింఛను డబ్బుతోనే కొన్నారు. డర్బన్‌కి ఉత్తరాన టోంగాట్‌లో, చుట్టూ చెరకు తోటలున్న ఊళ్ళో, సంఘంవాళ్ళు ఇచ్చిన రెండు గదుల్లో దిగారు.

అక్కడ బాబాయికి పేరు తెచ్చింది ప్రసంగం కాదు, సార్టింగు. ఓ ఆదివారం కూడిక అయ్యాక ఒక పెద్దాయన తన ముత్తాత ఓడ కాగితం నకలు పట్టుకొచ్చాడు. అందులో కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు అన్నీ ఉన్నాయి. కానీ దొర గుమాస్తా తన చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఎవరికీ ఆ ఊరెక్కడో తెలియదు. బాబాయి కళ్ళజోడు పైకి తోసి, కాగితం దూరంగా పట్టుకుని, పెదవులతో రెండు మూడు సార్లు చదువుకున్నాడు. “చికాకోల్ అంటే శ్రీకాకుళమండీ. మీ ఊరు దాని పక్కనే. ఆ ఊరి సంచీ నా చేతుల మీదుగానే పోయేది” అన్నాడు. ఆ పెద్దాయన ఏడ్చేశాడట. మరుసటి వారం నుంచి ఇంటి ముందు కాగితాలతో జనం. సంఘంవాళ్ళూ, గుళ్ళకి వెళ్ళేవాళ్ళూ అని లేదు, అందరూ వచ్చారు. ఉద్యోగంలో ఏళ్ళ తరబడి చేసిన పని అంత పుణ్యమైన సేవ అవుతుందని ఆయన కూడా అనుకోలేదు.

పిన్ని సేవ ఇంకా పెద్దదని నా నమ్మకం. అక్కడి ముసలమ్మలు మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న నోటు పుస్తకాల్లో చూసి పాడతారు. రాగం ఎక్కడా తప్పదు, అర్థం మాత్రం తెలియదు. పిన్ని గురువారం మధ్యాహ్నాలు వాళ్ళని కూర్చోబెట్టి పలక మీద అఆలు దిద్దించింది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనల్ని చరణం చరణం విడదీసి చెప్పింది. ఆ నెపంతో వాళ్ళు మనసులో మాటలు బయటపెట్టారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఇళ్ళు ఖాళీ చేయించి చాట్స్‌వర్త్ లాంటి కాలనీలకి తోలడం, సంఘం చెల్లాచెదురు కావడం, విదేశాలకి వెళ్ళిన పిల్లలు ఫోను చేయకపోవడం. పాతికేళ్ళ మిషనరీ దగ్గర వాళ్ళు అంత విప్పి చెప్పేవారని నేననుకోను. తలనెరిసిన మనిషి, పక్కన అదే వయసు భర్త, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. అందుకే వాళ్ళకి దగ్గరయ్యారు.

2022 ఏప్రిల్ వరదల్లో ఆ ప్రాంతమంతటా నాలుగు వందలమందికి పైగా పోయారు. టోంగాట్ నీటి శుద్ధి కేంద్రం దెబ్బతిని నెలల తరబడి కుళాయిల్లో నీళ్ళు రాలేదు. వచ్చేయమని ఇక్కడ్నించి అందరం పోరాం. వాళ్ళు రాలేదు. ట్యాంకరు వచ్చినప్పుడు బాబాయి వరుసలో నిలబడి బకెట్లు నింపితే, పిన్ని నడవలేనివాళ్ళ ఇళ్ళకి ఎవరెవరికి పంపాలో చీటీ రాసేది. ఫోనులో ఆమె నాతో చెప్పిందల్లా, “నెల్లూరోళ్ళకి తుఫాను కొత్తా ఏంది!” అని.

అయిదు పదుల దాంపత్యంలో వాళ్ళు పోట్లాడుకోలేదని ఎవరైనా అంటే నమ్మకండి. టోంగాట్‌లో కూడా కూరలో ఉప్పు దగ్గర్నించి ప్రార్థన నిడివి దాకా పోట్లాడుకున్నారు. అయినా ఆయన కాగితం చదివితే ఆమె చీటీ రాసింది, ఆమె పాడితే ఆయన తాళం వేశాడు. ఒక్కరే వెళ్ళుంటే సగం తలుపులు తెరుచుకునేవి కావు.

శనివారం కూడికలో టోంగాట్ అమ్మలు వీడియోలో ఒక కీర్తన పాడతారు, ఈసారి తెలుగు అక్షరాలు చూసుకుంటూ. బాబాయ్, పిన్నీ, మీ ఇద్దరికీ మా కుటుంబాలన్నిటి తరఫున స్వర్ణోత్సవ శుభాకాంక్షలు. ప్రభువు మీకు ఇంకా ఆయుష్షు, ఆరోగ్యం ఇవ్వాలి. పిన్ని గురువారాల నోటు పుస్తకాలు, బాబాయి పోల్చిపెట్టిన ఊళ్ళ జాబితా అచ్చు వేయించే ఖర్చు మేం పెట్టుకుంటాం. క్రిస్మస్‌లోగా రాతప్రతి మాకివ్వండి.