ఫ్రీవేర్ అనే మాట ఈయనదే.. నచ్చితేనే డబ్బులు పంపమన్న మ్యాక్‌వరల్డ్ తొలి ఎడిటర్.. 41 ఏళ్లకే అదృశ్యం!

విన్‌రార్ వాడని వాళ్లు మనలో చాలా తక్కువ. 40 రోజుల ట్రయల్ అయిపోయింది, ఇక కొనండి అని అది అడుగుతూనే ఉంటుంది.. మనం ఆ బాక్స్ మూసేసి పని చేసుకుంటూనే ఉంటాం. తాళం మాత్రం వేయదు. ముందు వాడి చూడండి, డబ్బుల సంగతి తర్వాత అనే ఈ పద్ధతిని మొట్టమొదట గట్టిగా నమ్మి రంగంలోకి దిగిన ఇద్దరు ముగ్గురిలో ఒకరు ఆండ్రూ ఫ్లూగెల్‌మన్. ఫ్రీవేర్ అనే మాట పుట్టించింది ఆయనే. యాపిల్ మ్యాకింటోష్ కంప్యూటర్ల కోసం వచ్చిన మ్యాక్‌వరల్డ్ పత్రికకు తొలి ఎడిటర్ కూడా ఆయనే. ఇరవై, ముప్పై ఏళ్ల నాటి పాత మ్యాక్‌ల కోసం కొందరు ఇప్పటికీ ఉచితంగా సాఫ్ట్‌వేర్ రాసి వదులుతున్నారు. ఆ వరుసకు మొదలు ఎక్కడుందో చూస్తే ఈయన దగ్గరే ఆగాల్సి వస్తుంది.

ఇంతకీ ఎవరీ ఫ్లూగెల్‌మన్? కంప్యూటర్ ఇంజినీర్ అనుకుంటే పొరపాటే. ఆయన చదివింది లా.

1943 నవంబర్ 27న న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్ ప్లెయిన్స్‌లో పుట్టారు. లాయర్ అయ్యారు. శాన్ ఫ్రాన్సిస్కోలో కార్పొరేట్ కేసులు చూసేవారు. ఆ పనిలో మనసు నిలవలేదు. 1970లలో లా ప్రాక్టీస్ వదిలేసి పుస్తకాల వైపు వచ్చేశారు. శాన్ ఫ్రాన్సిస్కో ఖాడీకి అవతల ఒడ్డున టిబురాన్ అనే చిన్న ఊరుంది. అక్కడ ది హెడ్‌ల్యాండ్స్ ప్రెస్ పేరుతో సొంత సంస్థ పెట్టుకున్నారు. పుస్తకం మొత్తం ఇక్కడే తయారుచేసి పెద్ద ప్రచురణ సంస్థల చేతుల్లో పెట్టడం దాని పని. రాయించడం, దిద్దడం, పేజీలు కట్టడం.. అన్నీ అక్కడే.

ఆ సంస్థ నుంచి వచ్చిన వాటిలో బాగా పేరు తెచ్చుకున్నది 1976 నాటి ది న్యూ గేమ్స్ బుక్. పోటీ కన్నా కలిసి ఆడటమే ముఖ్యం అనే ఆటల సంకలనం అది. మనిషి కంటే ఎత్తున్న బంతిని వందలాది మంది కలిసి నెట్టడం, పారాచూట్ గుడ్డ అంచులు పట్టుకుని పైకీ కిందికీ ఊపడం.. ఇలాంటివి. ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చేరొచ్చు, నియమాలు అందరూ కలిసి మార్చుకోవచ్చు. ఆరేళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ విషయంలో ఆయన చేసిన పనికి అసలు విత్తనం ఈ పుస్తకంలోనే ఉందని చెప్పొచ్చు. రెండింటిలోనూ కాపలా మనిషి ఉండడు. ఆడేవాళ్లను నమ్మడమే నియమం.

పుస్తకం రాద్దామని కూర్చుంటే..

1981 ఆగస్టులో ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అక్టోబర్ నాటికే ఫ్లూగెల్‌మన్ ఒకటి కొనేశారు. మెషీన్‌తో పాటు వచ్చిన మాన్యువల్ ముందేసుకుని బేసిక్ భాష నేర్చుకున్నారు. మొదట ఆఫీసు లెక్కల కోసం చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. అప్పటికి వయసు 38కి దగ్గర పడుతోంది.

అప్పుడే జెరెమీ జోన్ హ్యూస్ అనే రచయిత్రితో కలిసి ఓ పుస్తకం మొదలుపెట్టారు. కంప్యూటర్‌తో రాయడం ఎలా అనేదే దాని విషయం. 1983లో రైటింగ్ ఇన్ ది కంప్యూటర్ ఏజ్ పేరుతో అచ్చయింది. చిక్కు ఎక్కడొచ్చిందంటే.. ఇద్దరి కంప్యూటర్లూ వేరు వేరు రకాలు. ఈ మెషీన్ ఫ్లాపీ ఆ మెషీన్ చదవదు. మిగిలిన దారి ఒక్కటే, టెలిఫోన్ లైను. మోడెమ్ తగిలించి అధ్యాయాలను ఫోన్ తీగ మీద అటూ ఇటూ పంపుకోవాలి. దానికి తగిన ప్రోగ్రామ్ కావాలి. దొరికినవి నచ్చక ఆయనే రాసుకున్నారు. దాని పేరే పీసీ-టాక్.

స్నేహితులకు చూపించారు. వాళ్లు మాకూ ఓ కాపీ కావాలన్నారు. వాళ్ల స్నేహితులూ అడిగారు. 1982 నాటికి ఆయన ముందు ఓ ప్రశ్న నిలబడింది. దీన్ని అమ్మాలా, వద్దా?

అమ్మాలంటే అప్పట్లో డబ్బా కావాలి, ప్రకటనలు కావాలి, షాపుల వాళ్లకు కమీషన్ కావాలి. అన్నిటికీ మించి కాపీలను ఆపే తాళం కావాలి. ఆ రోజుల్లో పెద్ద కంపెనీలు ఫ్లాపీ కాపీ కాకుండా రకరకాల అడ్డంకులు పెట్టేవి. కొన్నవాళ్లకే తలనొప్పి, కాపీ కొట్టేవాళ్లు మాత్రం ఎలాగోలా కొట్టేవాళ్లు. అంతకు ముందే, 1976లో, కాపీ కొట్టడం దొంగతనమేనంటూ కుర్రవాడైన బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకు బహిరంగ లేఖ రాసి ఉన్నారు. పరిశ్రమ అంతా దాదాపు అదే దారిలో ఉంది.

టీవీ చూస్తుంటే వచ్చిన ఐడియా

శాన్ ఫ్రాన్సిస్కోలో కేక్యూఈడీ అనే పబ్లిక్ టీవీ స్టేషన్ ఉంది. ప్రకటనల మీద బతికే ఛానెల్ కాదది. ఏడాదిలో కొన్ని రోజులు కార్యక్రమాల మధ్యలో యాంకర్లు వచ్చి, మా ప్రోగ్రాములు మీకు నచ్చితే విరాళం పంపండి అని ప్రేక్షకులను అడుగుతారు. ఇవ్వని వాళ్ల ఇంట్లో టీవీ ఆగిపోదు. అయినా ఇచ్చేవాళ్లు ఇస్తారు. మన గుడి ముందు హుండీ లాంటిదే. ఫ్లూగెల్‌మన్ అది చూస్తుండగా ఐడియా తట్టింది.. సాఫ్ట్‌వేర్‌కు ఇదెందుకు పనికిరాదు?

పీసీ-టాక్‌లో ఒక ప్రకటన చేర్చారు. సారాంశం ఇది. వాడి చూడండి. ఉపయోగపడితే 25 డాలర్లు పంపండి. పంపినా పంపకపోయినా కాపీలు తీసి ఇతరులకు ఇవ్వండి. ప్రోగ్రామ్ కావలసిన వాళ్లు ఖాళీ ఫ్లాపీ, తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు పంపితే చాలు.. ఆయన ఎక్కించి పంపేవారు. ఈ పద్ధతికి ఫ్రీవేర్ అని పేరు పెట్టారు.

ఇక్కడే అసలు తిరకాసు. అందరూ నేరం అంటున్న పనినే ఆయన అమ్మకాల విభాగంగా మార్చేశారు. కాపీ కొట్టిన ప్రతివాడూ జీతం లేని సేల్స్‌మన్ అయ్యాడు. తనది దానధర్మం కాదని, ఇదో ఆర్థిక ప్రయోగమని ఆయనే చెప్పుకునేవారు. పైగా పీసీ-టాక్ బేసిక్ భాషలోనే, లోపలి కోడ్ కనిపించేలా వెళ్లింది. తెలిసినవాళ్లు తెరిచి చూసి తమకు కావలసినట్టు మార్చుకోగలిగారు.

మరి డబ్బులు వచ్చాయా? వచ్చాయి. అందరూ పంపలేదు కానీ పంపినవాళ్లు తక్కువేం కాదు. పీసీ-టాక్ ఆ కాలపు ఐబీఎం కంప్యూటర్లలో బాగా పాకిపోయింది.

విచిత్రం ఏంటంటే.. అదే సమయంలో వాషింగ్టన్ రాష్ట్రంలో మరొకాయన ఇదే పని చేస్తున్నారు. పేరు జిమ్ నాఫ్, ఐబీఎం ఉద్యోగి. జిమ్ బటన్ అనే పేరుతో చలామణీ అయ్యారు. ఎందుకంటే జర్మన్‌లో నాఫ్ అంటే బొత్తాం, అంటే బటన్. వివరాలు దాచుకునే ఓ డేటాబేస్ ప్రోగ్రామ్ రాసి, నచ్చితే డబ్బు పంపమని అందులో పెట్టారు. ఇద్దరి ఫ్లాపీలూ చేతికొచ్చిన ఓ వాడకందారు ద్వారా ఒకరి సంగతి ఒకరికి తెలిసింది. పోటీ పడలేదు. నాఫ్ తన ప్రోగ్రామ్ పేరును పీసీ-ఫైల్ అని మార్చుకున్నారు. ఇద్దరూ 25 డాలర్లే అడిగారు. ఒకరి ఫ్లాపీలో మరొకరి ప్రోగ్రామ్ గురించి చెప్పుకున్నారు. కొన్నాళ్లకు నాఫ్‌కు పక్క ఆదాయం ఐబీఎం జీతాన్ని దాటిపోయి ఉద్యోగమే మానేశారు.

పంచమన్నారు.. పేరు మాత్రం దాచుకున్నారు!

ఇక్కడ ఫ్లూగెల్‌మన్‌లోని లాయర్ బయటికొస్తాడు. ప్రోగ్రామ్‌ను ఊరందరికీ పంచమన్న మనిషి, ఫ్రీవేర్ అనే పేరును మాత్రం హెడ్‌ల్యాండ్స్ ప్రెస్ ట్రేడ్‌మార్క్‌గా ఉంచుకున్నారు. వేరేవాళ్లు ఆ మాట వాడటానికి లేదు. ఇది కాస్త ఎబ్బెట్టుగానే అనిపిస్తుంది. దాంతో ఈ దారిలోకి వచ్చిన మిగతా ప్రోగ్రామర్లకు వేరే పేరు అవసరమైంది. మైక్రోసాఫ్ట్‌లో తొలినాళ్ల ఉద్యోగి బాబ్ వాలెస్ 1983లో పీసీ-రైట్ అనే ప్రోగ్రామ్‌తో వచ్చి షేర్‌వేర్ అనే మాటను వాడారు. ఆయన ఇంకో అడుగు ముందుకేశారు. డబ్బు కట్టినవాళ్లు ఇచ్చిన కాపీ నుంచి మరొకరు డబ్బు కడితే, మొదటివాళ్లకు కమీషన్ పంపేవారు. షేర్‌వేర్ అనే మాటే జనం నోట్లో నిలిచింది.

ఆ తర్వాత అర్థాలు తారుమారయ్యాయి. నచ్చితే డబ్బు పంపండి అనేదాన్ని ఇప్పుడు షేర్‌వేర్ అంటున్నారు. ఫ్రీవేర్ అంటే పైసా అక్కర్లేనిది. అంటే ఆ మాట పుట్టించిన మనిషి రాసిన ప్రోగ్రామే నేటి లెక్కలో ఫ్రీవేర్ కాదు!

పత్రికల్లోనూ ఆయన జోరు అప్పుడే. 1982లో డేవిడ్ బన్నెల్ శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టిన పీసీ మ్యాగజైన్‌లో ఫ్లూగెల్‌మన్ చేరారు. ఆ ఏడాది చివర్లో ఆ పత్రిక జిఫ్-డేవిస్ కంపెనీ చేతుల్లోకి వెళ్లింది. సిబ్బందిలో దాదాపు అందరూ బన్నెల్ వెంట బయటికొచ్చేసి పీసీ వరల్డ్ పెట్టారు. దాని ఎడిటర్ ఫ్లూగెల్‌మనే.

1984 జనవరి 24న స్టీవ్ జాబ్స్ మ్యాకింటోష్‌ను లోకానికి చూపించారు. 128 కేబీ మెమరీ, 9 అంగుళాల నలుపు తెలుపు తెర, 400 కేబీ ఫ్లాపీ, ధర 2,495 డాలర్లు. అదే రోజు మ్యాక్‌వరల్డ్ తొలి సంచిక కూడా బయటికొచ్చింది. ముఖచిత్రంపై మూడు మ్యాక్‌ల వెనుక జాబ్స్. ఎడిటర్ ఆండ్రూ ఫ్లూగెల్‌మన్. ఐబీఎం వాళ్ల పత్రిక, యాపిల్ వాళ్ల పత్రిక.. రెండింటి బాధ్యతా ఒకే మనిషి మీద పడింది. అప్పటి వాతావరణంలో ఈ రెండు శిబిరాల వాళ్లకూ పడేది కాదు. సొంతంగా ప్రోగ్రామ్ రాసి, అది వాడేవాళ్ల ఉత్తరాలు రోజూ చదివిన ఎడిటర్ కాబట్టి, యంత్రం కంటే దాని ముందు కూర్చున్న మనిషి వైపు నుంచి చూడటం ఆయనకు తెలుసు.

అంతా సవ్యంగా సాగుతోంది అనుకున్న సమయంలో ఆరోగ్యం దెబ్బతింది. 1985 జూలై 6న టిబురాన్‌లోని ఆఫీసు నుంచి బయటికి వెళ్లారు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. వారం తర్వాత ఆయన కారు గోల్డెన్ గేట్ వంతెన ఉత్తరం వైపు చివర దొరికింది. మృతదేహం దొరకలేదు. కుటుంబ సభ్యులు ఆయన ఇక లేరని భావించి సంతాప సభ జరిపారు. అప్పటికి ఆయన వయసు 41. మ్యాకింటోష్ వచ్చి ఏడాదిన్నర మాత్రమే అయింది.

తర్వాత మ్యాక్ లోకంలో ఏం జరిగిందో ఆయన చూడలేదు. 1984లోనే బర్క్‌లీలో మొదలైన బీఎంయూజీ లాంటి మ్యాక్ వాడకందారుల సంఘాలు షేర్‌వేర్ ఫ్లాపీలను చేతి నుంచి చేతికి నడిపించాయి. 1987లో రేమండ్ లావ్ అనే న్యూయార్క్ హైస్కూల్ విద్యార్థి ఫైళ్లను కుదించే స్టఫిట్ ప్రోగ్రామ్‌ను షేర్‌వేర్‌గా వదిలాడు. కొన్నేళ్ల పాటు అది లేని మ్యాక్ ఉండేది కాదు. 1988లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డోర్నర్ రాసిన యుడోరా ఈమెయిల్ ప్రోగ్రామ్ ఉచితంగా వచ్చింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ నార్‌స్టాడ్ వైరస్‌లను పట్టే డిసిన్‌ఫెక్టెంట్‌ను ఏళ్ల తరబడి పైసా తీసుకోకుండా నడిపారు. జర్మనీలో థార్‌స్టెన్ లెమ్కె 1992లో ప్రారంభించిన గ్రాఫిక్ కన్వర్టర్ అయితే యాపిల్ ప్రాసెసర్లు మార్చిన ప్రతిసారీ తానూ మారుతూ వచ్చింది.

పాత మ్యాక్‌ల సంగతికొస్తే.. 2006లో యాపిల్ పవర్‌పీసీ చిప్‌లను వదిలేసి ఇంటెల్‌కు మారిపోయింది. 2009లో వచ్చిన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పాత మెషీన్లలో ఎక్కనే లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా వాటిని వదిలేసింది. అప్పుడు కామెరాన్ కైజర్ అనే ప్రోగ్రామర్ 2010లో టెన్‌ఫోర్‌ఫాక్స్ పేరుతో ఆ పాత మ్యాక్‌ల కోసమే బ్రౌజర్ తయారుచేశారు. యాపిలే పట్టించుకోని మెషీన్లకు పదేళ్లకు పైగా, 2021 వరకు, కొత్త వెర్షన్లు ఇస్తూ పోయారు. ఎవరి దగ్గరా డబ్బు అడగలేదు. ఇలాంటి ప్రోగ్రామ్ వచ్చిందంటే పాత జీ4 ల్యాప్‌టాప్ మూలన పడేయకుండా ఇంకొన్నేళ్లు వాడుకోవచ్చన్నమాట.

మ్యాక్‌వరల్డ్ అచ్చు పత్రిక 2014లో ఆగిపోయింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉంది. ఫ్లూగెల్‌మన్ పేరిట ఏర్పాటైన ఫౌండేషన్ మాత్రం, కాలేజీలో చేరబోయే ప్రతిభ గల విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చే కార్యక్రమం చేపట్టింది. ఇచ్చినవి మ్యాక్‌బుక్‌లే.