హృదయ మార్గాన్ని కనుగొన్న హకీము : ఇబ్న్ అల్ నఫీస్

మనం నిద్రించినా హృదయం నిద్రించదు. మనం మరచినా శ్వాస ఆగదు. ఆరోగ్యవంతుని హృదయం విశ్రాంతి సమయంలో నిమిషానికి సుమారు 70 సార్లు స్పందించి, దాదాపు 5 లీటర్ల రక్తాన్ని నడిపిస్తున్నది. ఆ రక్తమంతా ఊపిరితిత్తులలో ప్రవేశించి, ప్రాణవాయువును గ్రహించి, తిరిగి హృదయాన్ని చేరుతున్నది. ఈ మార్గాన్ని నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం బొమ్మ గీసి చూపగలడు. కాని దానిని మొట్టమొదట గ్రంథస్థం చేసిన మహనీయుని పేరు మనలో ఎందరికి తెలుసు? మేమును విద్యార్థి దశలో హార్వే పేరు మాత్రమే చదువుకొన్నాము. ఆ లోటును కొంతైనా పూరించే ఉద్దేశంతో ఈ జీవితగాథను పాఠకుల ముందుంచుతున్నాము.

అలాఉద్దీన్ అలీ అల్ ఖర్షీ, లోకంలో ఇబ్న్ అల్ నఫీస్‌గా ప్రసిద్ధుడు, 1213 ప్రాంతంలో సిరియా దేశంలోని డమాస్కస్ పరిసరాలలో జన్మించారు. సుల్తాన్ నూరుద్దీన్ 12వ శతాబ్దిలో ఆ నగరంలో నెలకొల్పిన నూరీ వైద్యాలయం రోగులకు ఆశ్రయమే గాక విద్యార్థులకు పాఠశాల కూడా. అక్కడ ఆయన వైద్యం అభ్యసించారు. పిదప కైరో నగరానికి తరలి వెళ్ళి, తుదివరకు అక్కడనే నివసించారు. వైద్యంతో పాటు షాఫయీ ధర్మశాస్త్రంలోనూ, వ్యాకరణ తర్కాలలోనూ ఆయన పండితులు.

ఆ కాలపు వైద్యులకు ఇద్దరు ఆచార్యుల మాటయే ప్రమాణం. ఒకరు 2వ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్. మరొకరు 1037లో మరణించిన ఇబ్న్ సీనా. ఆయన రచించిన 'అల్ ఖానూన్' వైద్యులకు కంఠపాఠం. హృదయంలోని కుడి జఠరికకు, ఎడమ జఠరికకు నడుమ గల గోడలో కంటికి కానరాని రంధ్రాలు ఉన్నవనీ, రక్తం వాటి గుండా కుడి నుండి ఎడమకు స్రవిస్తుందనీ గాలెన్ బోధించాడు. వెయ్యి సంవత్సరాలకు పైగా ఆ మాటను ఎవరూ కాదనలేదు.

1242లో, సుమారు 29 ఏళ్ళ ప్రాయంలో, ఇబ్న్ అల్ నఫీస్ 'ఖానూన్'లోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్యానం వ్రాశారు. మల్లినాథసూరిని ఎరిగిన తెలుగువారికి వ్యాఖ్యాన సంప్రదాయం కొత్త కాదు. మూలకర్త హృదయాన్ని విప్పి చూపుట వ్యాఖ్యాత ధర్మం. ఆయన ఆ ధర్మాన్ని శ్రద్ధతో పాటించారు. కాని సత్యం మూలంతో విభేదించిన చోట సత్యం పక్షాననే నిలిచారు. జఠరికల నడుమ గోడ దళసరియైనది, అందు కనిపించే రంధ్రం గాని, కనిపించని రంధ్రం గాని లేదని నిస్సంశయంగా ప్రకటించారు. కుడి జఠరిక నుండి రక్తం పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులను చేరి, అచట గాలితో కలిసి, పుపుస సిర ద్వారా హృదయపు ఎడమ భాగానికి వస్తుందని వివరించారు. ఆ ధమనికి, సిరకు నడుమ సూక్ష్మమార్గాలు ఉండాలని ఊహించారు. ఇటలీకి చెందిన మాల్పిగీ సూక్ష్మదర్శినితో ఊపిరితిత్తులలోని కేశనాళికలను చూచినది 1661లో! హృదయానికి పోషణ దాని కండరంలో వ్యాపించిన నాళాల ద్వారానే లభిస్తుందని కూడా ఇబ్న్ అల్ నఫీస్ చెప్పారు.

అంతమాత్రాన ఆయనకు సర్వమూ తెలిసినదని మేము చెప్పబోము. గాలిలో ప్రాణవాయువనే పదార్థం ఉన్నదని గాని, రక్తం దేహమంతటా చక్రంవలె తిరుగుతున్నదని గాని ఆయన ఎరుగరు. రక్తం, గాలి కలిసి జీవశక్తి జనిస్తుందన్న పూర్వుల భావననే ఆయనా నమ్మారు. శరీరం మొత్తానికి చెందిన రక్తప్రసరణను 1628లో నిరూపించిన ఘనత హార్వేదే. ఒకరి గౌరవం కొరకు వేరొకరిని తక్కువ చేయ నక్కరలేదు.

కైరోలో ఆయన వైద్యుడుగా, అధ్యాపకుడుగా, గ్రంథకర్తగా విఖ్యాతి గాంచారు. 'ఖానూన్'కు ఆయన రచించిన సంగ్రహం 'మూజజ్' మన దేశపు యునానీ వైద్యులకును చిరకాలం పాఠ్యగ్రంథమైనది. 300 సంపుటాలుగా తలపెట్టిన 'అల్ షామిల్' అను మహా వైద్యకోశంలో 80 పూర్తి చేయగలిగారు. ఒకసారి స్నానశాలలో ఉండగా నాడిని గూర్చి ఆలోచన తోచగా, స్నానం నడుమనే బయటకు వచ్చి, కలం కాగితం తెప్పించుకొని ఒక వ్యాసం పూర్తిచేసి, మరల స్నానానికి వెళ్ళారని చరిత్రకారులు చెబుతారు. 1288 డిసెంబరులో ఆయన పరమపదించారు. తమ గృహాన్ని, గ్రంథ సంచయాన్ని సుల్తాన్ ఖలావూన్ నిర్మించిన మన్సూరీ వైద్యాలయానికి ధారాదత్తం చేశారు.

అయితే హృదయాన్ని గూర్చిన ఆయన మాటలు గ్రంథంలోనే మిగిలిపోయినవి. ఐరోపాలో సెర్వెటస్ 1553లో, కొలంబో 1559లో ఇదే మార్గాన్ని వివరించారు. వారికి ఇబ్న్ అల్ నఫీస్ రచన అందినదా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. చివరకు 1924లో తతావీ అను ఈజిప్టు యువవైద్యుడు, జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన వ్యాసంలో ఈ సంగతిని వెల్లడించాడు. బెర్లిన్ గ్రంథాలయంలోని అరబ్బీ వ్రాతప్రతియే అతనికి ఆధారం. సుమారు 680 సంవత్సరాలకు ఆ పుటలకు తగిన పాఠకుడు లభించాడు.

మన విద్యార్థులు ఈ జీవితం నుండి గ్రహించవలసినవి రెండు. గురువులను పూజిస్తూనే వారి మాటను పరీక్షించుట అవినయం కాదు. అది విద్య యొక్క ధర్మం. రెండవది, వ్రాసినవాడు ఎంత గొప్పవాడైనా, చదివేవాడు లేనినాడు విద్య మూగబోతుంది. ఆ మహనీయుడు తన గ్రంథాలను పరుల కొరకు విడిచి వెళ్ళారు. మన కళాశాల గ్రంథాలయపు బీరువాలలోనూ ఉర్దూ, తెలుగు గ్రంథాలు పాఠకుల కొరకు ఎదురుచూస్తున్నవి. వాటిని తెరచుటకు మరొక 680 సంవత్సరాలు పట్టకూడదని మా ప్రార్థన.