పేరు కోరని పెద్దమనిషి – కొమర్రాజు లక్ష్మణరావు గారు

దసరా అంటే శరన్నవరాత్రులు. మనకు మాత్రం ఇక్కడ ఆస్ట్రేలియాలో అప్పుడు వసంతం! అయినా మూలా నక్షత్రం నాడు పిల్లల పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టి సరస్వతీ పూజ చేసుకోవడం మానలేదు. ఆ సందర్భంగా, తెలుగు పుస్తకం పదిమందికీ అందాలని పాటుపడిన ఒక మహనీయుణ్ణి తలుచుకుందాం.

కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు గారు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో అక్క భండారు అచ్చమాంబ గారి ఇంట పెరిగారు. తమ్ముడితో పాటే అక్షరాలు దిద్దిన ఆ అక్క తర్వాత మంచి కథారచయిత్రి అయ్యారు. నాగపూరులో చదువుకున్న లక్ష్మణరావు గారు మునగాల జమీందారు నాయని వేంకట రంగారావు గారి వద్ద దివానుగా చేరారు.

నిజాం రాజ్యంలో ఆనాడు ఉర్దూదే రాజ్యం. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో ఒక తెలుగు గ్రంథాలయం వెలిసింది. ప్రోత్సాహం రాజా వారిది, ఇల్లు రంగారావు గారిది, శ్రమలో పెద్ద పాలు లక్ష్మణరావు గారిది. పేరు మాత్రం ముగ్గురిలో ఎవరిదీ కాదు, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం! 1904లో హనుమకొండలో వెలిసినదీ రాజరాజనరేంద్రుడి పేరు మీదే. దాతల పేర్ల వరుస తేలక కమిటీ మీటింగు అర్ధరాత్రి దాకా సాగడం మనలో చాలామందికి అనుభవమే కదా!

1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. తొలి పుస్తకం, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తాను సంపాదకులై ఉండి, రాసే అవకాశం ఇతరులకు ఇవ్వడం ఆయన పద్ధతి.

ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం దగ్గర మాత్రం ఆ పద్ధతి సాగినట్టు లేదు. సాయపడినవారు ఉన్నా భారమంతా ఆయన మీదే పడింది. మూడు సంపుటాలు వచ్చినా 'అ' అక్షరం దాటలేదు. 1923 జూలై 12న, 46 ఏళ్లకే ఆయన కన్నుమూయడంతో పని ఆగిపోయింది. మళ్లీ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు పూనుకునేదాకా ఎత్తుకున్నవారు లేరు. పదిమంది చేతుల్లో పెట్టిన గ్రంథాలయం మాత్రం 2001లో నూరేళ్లు నిండించుకుంది.