కొండమీద జపమాల

మీ పిల్లలు ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఇంజనీరింగ్ చదువుతున్నారా? అయితే 2025 సెప్టెంబరు 7న 14వ లియో పాపుగారు పునీతునిగా ప్రకటించిన పియెర్ జోర్జో ఫ్రస్సాతి గారిని గూర్చి వారికి చెప్పండి.

ఈయన 1901 ఏప్రిల్ 6న ఇటలీలోని తూరినులో జన్మించారు. తండ్రి పేరుమోసిన పత్రికాధిపతి. కొడుకు మాత్రం గని కార్మికుల మధ్య పనిచేయాలని మైనింగ్ ఇంజనీరింగులో చేరారు. తుమ్మలపల్లె యురేనియం గనిని, వేముల ముగ్గురాయి గనులను ఎరిగిన మీకు ఆ కోరిక విలువ వేరే చెప్పాలా?

కాలేజీలో భక్తి అంటే ఎగతాళి. రాత్రి ఆరాధనకు రమ్మని నోటీసు పెడితే కొందరు విద్యార్థులు చించబోయారు. ఈయన అడ్డు నిలిచారు. 1924లో స్నేహితులతో ఒక జట్టు కట్టి, సరదాకు పోకిరీల జట్టని పేరు పెట్టుకున్నారు. పూజలో పాల్గొని ఆల్ప్స్ కొండలెక్కేవారు. దారిలో జపమాల, పాటలు, అల్లరి! దూరాన ఉన్నా ఒకరికోసం ఒకరు ప్రార్థించడమే వారి కట్టుబాటు. జమ్మలమడుగు దగ్గరి గండికోటకు మన పిల్లలు ఫోటోల కోసం వెళ్తూనే ఉన్నారు గదా, అక్కడ కలిసి ఒక జపమాల చెప్పుకుంటే ఎవరు వద్దంటారు?

1925లో పోలియో సోకింది. ఇంట్లో అవ్వ మరణశయ్యపై ఉన్నందున ఈయన జబ్బు తీవ్రత ఎవరికీ అందలేదు. చచ్చుబడుతున్న చేతితోనే, ఒక పేద రోగికి అందవలసిన మందును గూర్చి మిత్రునికి చీటీ రాశారు. జూలై 4న, 24 ఏళ్లకే, పట్టా అందకుండానే కన్నుమూశారు. శవయాత్రకు తూరిను పేదలు వేలాదిగా వచ్చారు. వారెవరో తల్లిదండ్రులకు తెలియదు.