చేదు మాట వినే చెవి

సెప్టెంబరు 5 వస్తే తెనాలి, బాపట్ల, రేపల్లె బడులలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటానికి పూలదండ పడుతుంది. ఆయన గొప్ప ఉపాధ్యాయుడని పిల్లలకు చెబుతాము. చైనా యుద్ధంలో దేశం దెబ్బతిన్నప్పుడు రాష్ట్రపతి ఆయనేనన్న సంగతి చాలామందికి గుర్తుండదు. సైన్యంలో బిడ్డలున్న కుటుంబాలు మన సంఘాలలోనూ ఉన్నాయి గనుక ఈ వారం ఆ సంగతినే మీ ముందుంచుతున్నాము.

రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో, వేలూరులో వూర్హీస్ కళాశాలలో, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు. మిషనరీల బోధను ఆయన అంగీకరించలేదు. అయితే తన మతంపై వారు చేసిన విమర్శను విని ఊరుకోక, దానిని పరీక్షించడానికే హిందూ తత్వశాస్త్రాన్ని లోతుగా చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షునిగా, మాస్కోలో రాయబారిగా, పదేళ్లు ఉపరాష్ట్రపతిగా పనిచేసి 1962 మే 13న రాష్ట్రపతి అయ్యారు.

అయిదు నెలలకే యుద్ధం వచ్చింది. అది హెచ్చరిక లేకుండా వచ్చినది కాదు. అక్సాయ్ చిన్ మీదుగా చైనా రోడ్డు వేసిన సంగతి ఢిల్లీకి తెలుసు. 1959లోనే లాంగ్జూ వద్ద, కొంగ్కా కనుమ వద్ద మనవారి నెత్తురు చిందింది. అయినా చైనా పెద్ద యుద్ధానికి దిగదన్న నమ్మకం పాలకులలోనూ ఇంటెలిజెన్స్ బ్యూరోలోనూ గట్టిగా ఉండేది. థగ్లా శిఖరం నుండి చైనా సైనికులను వెళ్లగొట్టడానికి తగిన సరఫరాలు లేవని లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్ అభ్యంతరం చెప్పారు. అక్టోబరు మొదట్లో ఆ బాధ్యతను ఆయన నుండి తీసివేసి జనరల్ బి.ఎం. కౌల్‌కు అప్పగించారు. అక్టోబరు 20న చైనా విరుచుకుపడింది.

రాజులు మొదటి గ్రంథము 22వ అధ్యాయము ఎరిగినవారికి ఇది కొత్త కథ కాదు. 400 మంది ప్రవక్తలు జయమని పలికితే ఆహాబు సంతోషించాడు. మీకాయా ఒక్కడు నిజం చెబితే అతనిని చెరసాలలో వేయించాడు. రామోత్గిలాదు యుద్ధంలో ప్రాణమే పోగొట్టుకున్నాడు. అతనికి సమాచారం అందింది, వినే మనసే లేకపోయింది.

మన రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవాలి. అయితే ప్రభుత్వ వ్యవహారాలు తెలుసుకునే హక్కు, అడిగే హక్కు ఆయనకున్నాయి. రాధాకృష్ణన్ అక్టోబరు 26న అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. అంతటితో ఊరుకోలేదు. ప్రభుత్వం తేలికగా నమ్మి, నిర్లక్ష్యం చేసి దేశాన్ని ఈ స్థితికి తెచ్చిందని బహిరంగంగానే అన్నారు. ప్రధాని నెహ్రూ ఆయనకు చిరకాల మిత్రుడు. ఆ స్నేహం ఆయన నోరు కట్టివేయలేదు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ నవంబరు మొదటి వారంలో మంత్రివర్గం నుండే తప్పుకోవలసి వచ్చింది. నవంబరు 21న చైనా కాల్పుల విరమణ ప్రకటించేనాటికి, అధికారిక లెక్క ప్రకారం మన సైనికులు 1,383 మంది చనిపోయారు.

రాధాకృష్ణన్ పాలనాకాలంలో లోపం లేదని మేము అనము. ఆయన సంతకం చేసిన అత్యవసర పరిస్థితి, 1967లో ఆయన పదవి వదిలిన తరువాత కూడా, 1968 జనవరి వరకు సాగింది. ఆ కాలంలో విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్నవారున్నారు. భయం తొలగిన తరువాత కూడా అధికారం దానంతట అది వెనక్కి తగ్గదు.

విదేశీ సమాచార సేకరణకు 1968లో ‘రా’ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. సంస్థలు అవసరమే. అయితే నచ్చని నివేదికను చదివే ధైర్యాన్ని ఏ సంస్థా పాలకునికి ఇవ్వలేదు. ఏలికల కొరకు ప్రార్థించేటప్పుడు ఆ ధైర్యాన్ని కూడా అడుగుదాము. సంఘ కమిటీలో లెక్క తప్పిందని ఒక్కడు లేచి చెప్పినప్పుడు, అతనిని కూర్చోబెట్టకముందు ఆ లెక్క చూద్దాము.